పాదిరి చెయ్యెత్తలేదు

సెప్టెంబరు 3, 1984, సోమవారం

ఎవరిస్టో మాస్టారు ఇవాళ నోరు తెరిచాడు. పక్షవాతం వచ్చి పదహారు రోజులైంది. ఇన్నాళ్లూ మూలుగు తప్ప ఏమీ లేదు. పొద్దున నేను పస్తేచీలు వేయించి అమ్మే బండి ఆయన గుమ్మం ముందు ఆపి, ఎప్పట్లాగే మాంసం కూరినవి రెండు పొట్లం కట్టి లోపలికి పట్టుకెళ్లాను. మంచం మీంచి నన్ను చూసి, గంట కొట్టినట్టు స్పష్టంగా అన్నాడు.

"నిటారుగా కూర్చొనుము. చేతులు బల్లపై నుంచుము."

డచ్చిలో.

పాతికేళ్లు ఈ కురసావ్ దీవంతా తిరిగి, మన పాపియామెంటు బానిసల వంటింటి యాస కాదురా, భాషరా అని గొంతు చించుకున్న మనిషి. దానికోసం బడి ఉద్యోగం వదిలేసిన మనిషి. తొమ్మిది పద్యాల పుస్తకాలు వేసి, సంచిలో పెట్టుకుని, బస్సులెక్కి ఊరూరా పంచిన మనిషి. ఇప్పుడు బుర్రలో సగం పోయి సగం మిగిలితే, మిగిలిన సగంలో దొరల భాష ఉంది.

నేను "ఆఁ?" అన్నాను. నాకు డచ్చి రాదు కదా.

సెప్టెంబరు 5, బుధవారం

కరెంటాఫీసు నుంచి కొత్తగా వచ్చిన పడుచు దొర బండి దగ్గర ఆగాడు. మీటరు చూడాలి, మీ ఇల్లెక్కడ అని డచ్చిలో అడిగాడు. "ఆఁ?" అన్నాను. నాకు చెవుడనుకుని అరిచాడు. "ఆఁ?" మూడోసారి గాల్లో వేలితో మీటరు బొమ్మ గీశాడు. జాలేసి చేతిలో ఒక చీజ్ పస్తేచీ పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు కడుపులు పట్టుకున్నారు. చివరికి చెమటలు కక్కుతూ మన భాషలో "ఇల్లు... మీది... ఏది?" అన్నాడు. అప్పుడు దగ్గరుండి మర్యాదగా తీసుకెళ్లి చూపించాను.

ఇంటికొచ్చాక లుసీనా అంది, "ఇరవై ఏళ్లు రిఫైనరీలో దొరల కింద పనిచేశావు. నిద్రలో డచ్చిలో తిడతావు. ఎవర్ని మోసం చేద్దామని?"

"నిద్రలో మాట్లాడింది నేను కాదు."

"మరి నా పక్కన పడుకునేదెవడు?"

పెళ్లాం అన్నాక ఇలాంటివి అడుగుతుంది. బడి మానేసిన రోజు ఒట్టు పెట్టుకున్నాను, మెలకువగా ఉండగా ఆ భాష నా నోట్లోంచి రాదని. రిఫైనరీలో తలాడించి నెట్టుకొచ్చాను. వినబడుతుంది. అంతే.

సెప్టెంబరు 7, శుక్రవారం

రోటర్‌డామ్ నుంచి మాస్టారి కూతురు నినోస్కా దిగింది. అక్కడ నర్సు. తండ్రిని తీసుకెళ్లిపోతుందట. పదహారో తారీఖు, ఆదివారం, విమానం.

"ఇక్కడ చూసేదెవరు బాబాయ్? అక్కడైతే ఆయన మాట్లాడేది కనీసం అర్థమవుతుంది అందరికీ."

నిజమే. అందుకే ఒళ్లు మండింది.

సాయంత్రం హెర్మీనియా టీచరు వచ్చింది, మా ఊరి బడి హెడ్మిస్ట్రెస్. బడి ముందు గోడ మీద మాస్టారి పద్యం నీలం రంగుతో రాయిస్తుందట. పదిహేనో తారీఖు శనివారం బడి ఆవరణలోనే వీడ్కోలు సభట.

"పద్యం నువ్వే చదవాలి బెర్తో. ఊళ్లో నీ గొంతంత గొంతు ఇంకోటి లేదు."

"ఏ పద్యం?"

"ఏ పద్యమేంటి? 'వెనక బెంచీ'. గోడ మీద రాయించేదీ అదే."

"మేక మీద రాసింది చదువుతాను టీచర్. నవ్వుతారు."

"నీ వేళాకోళాలు ఆ రోజొద్దు. పట్నం నుంచి చదువుల శాఖ పెద్దలొస్తున్నారు. పిల్లలకి మన భాషలో పాఠాలు చెప్పాలా వద్దా అని తేల్చేది వాళ్లే. ఆ పద్యం విని ఏడవనివాణ్ణి నేనింతవరకు చూళ్లేదు."

నేను ఏడవను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

సెప్టెంబరు 8, శనివారం

'వెనక బెంచీ' ఈ దీవిలో చంటిపిల్లలకి కూడా వచ్చు. ఒక పిల్లాడు బడికొస్తాడు. అమ్మమ్మ పోయింది, ఇంటికెళ్లాలి అని మన భాషలో చెప్తాడు. బడి నడిపే తెల్ల పాదిరి డచ్చిలో చెప్పమంటాడు. ఆ మాట వాడికి రాదు. మళ్లీ మన భాషలోనే చెప్తాడు.

పాదిరి చెయ్యెత్తాడు,
పిల్లాడి నోట్లో అమ్మమ్మ మళ్లీ చచ్చిపోయింది.

చివర్లో పిల్లాడు మర్నాడు తిరిగొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. కవి వెళ్లి వాడి పక్కన కూర్చుంటాడు. అక్కడ జనం ముక్కులు చీదుతారు.

అబద్ధం. మూడు అబద్ధాలు. పాదిరి ఆవేళ బళ్లోనే లేడు. పిల్లాడు తిరిగి రాలేదు. ఎవడూ వెళ్లి ఎవడి పక్కనా కూర్చోలేదు.

1949. నాకు పదకొండేళ్లు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మాస్టారు, మన రంగు వాడే, మన ఊరి వాడే. "అమ్మమ్మ పోయింది మాస్టారూ" అన్నాను. "డచ్చిలో చెప్పు" అన్నాడు. నాకు కుర్చీ తెలుసు, కిటికీ తెలుసు, ఆవు తెలుసు. 'పోయింది' తెలీదు. మళ్లీ మన మాటల్లోనే చెప్పాను. చెంప పగలగొట్టాడు. 'బడిలో పాపియామెంటు మాట్లాడను' అని వంద సార్లు రాయించాడు. ఆయనకి తెలుసు నేనేం చెప్పానో. ఆయన అమ్మ మాట్లాడే భాషే కదా. అంతా తెలిసే రాయించాడు.

వందా రాసి ఇంటికెళ్లేసరికి పూడ్చిపెట్టి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. ఈ ఎండలకి శవాన్ని మధ్యాహ్నం దాకా ఉంచరు. నన్ను పెంచింది ఆవిడ.

తర్వాత పదేళ్లకి ఆయన మన భాష కవి అయ్యాడు. ఆ పద్యానికి పట్నంలో సన్మానం చేశారు, మెడల్ వేశారు. కొట్టింది తెల్ల పాదిరి అయితే పద్యం నిలబడుతుంది. కొట్టింది మనవాడే అంటే ఎవడు చప్పట్లు కొడతాడు? నేను రిఫైనరీ మానేసి బండి పెట్టినప్పట్నుంచీ రోజూ నా దగ్గరే తిన్నాడు. నా వేళాకోళాలకి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఒక్కరోజు ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

లుసీనాక్కూడా చెప్పలేదు. చెప్పేదేముంది?

నాకేం క్షమాపణలు అక్కర్లేదు.

సెప్టెంబరు 9, ఆదివారం

చదువుతానని హెర్మీనియా టీచరుకి చెప్పాను. సంతోషంతో నాలుగు పస్తేచీలు కొంది.

ఆ లైను దగ్గరికి రాగానే ఆగి నిజం చెప్పేస్తాను. పట్నం పెద్దల ముందు, ఊరి ముందు, ఆయన మొహం మీద. బతుకంతా ఎన్నో వేళాకోళాలు చేశాను కానీ ఇంత మంచిది చెయ్యలేదు.

క్షమాపణ కోసం కాదు. అక్కర్లేదని నిన్ననే రాశాను.

సెప్టెంబరు 10, సోమవారం

అయినా శనివారం లోపు ఆయన తనే ఒప్పుకుంటే బాగుంటుంది. మన భాషలో ఒప్పుకోవాలి. డచ్చిలో ఒప్పుకుంటే నేను లెక్కలో వేసుకోను. అందుకని ఇవాళ బండి పక్కన పెట్టి రెండు గంటలు మంచం దగ్గరే కూర్చున్నాను.

"మాస్టారూ, మీ పుస్తకం మా మేక తినేసింది. మూడు రోజులుగా పాలివ్వట్లేదు."

"నిశ్శబ్దము."

"పోనీ ఒక బూతు తిట్టండి. పస్తేచీలో ఉప్పెక్కువైతే మా వంశాన్ని మొత్తం కలిపి తిట్టేవారే, అది."

"నిటారుగా కూర్చొనుము."

కావాలని ఇంకా జారి కూర్చున్నాను. ఆయన కుడి చెయ్యి చచ్చుపడి దుప్పటి మీద ఉంది. ఆ చెయ్యే.

నినోస్కా గుమ్మంలో నిలబడి చూస్తోంది. "వదిలెయ్ బాబాయ్. డాక్టరు చెప్పాడు, ఏది మిగిలితే అదే మిగులుతుందని."

"అమ్మ దగ్గర నేర్చుకున్నది పోయి, దొర దగ్గర నేర్చుకున్నది మిగిలిందా? ఇదెక్కడి న్యాయం?"

"న్యాయమా?" అంది. చేతిలో గరిటె ఉంది, అది ఊపింది. "ఈ ఇంట్లో డచ్చి మాట వినబడితే నాన్న కంచం తోసేసేవాడు. బళ్లో పరీక్షలన్నీ డచ్చిలోనే. రెండేళ్లు తప్పాను. ఆయన పద్యాలు చదువుతుంటే ఊరంతా చప్పట్లు కొట్టింది, నేను అదే క్లాసులో కూర్చున్నాను. రోటర్‌డామ్‌లో మొదటి ఏడాది నా డచ్చి విని నవ్వని మనిషి లేదు. మొన్న స్నానం చేయిస్తే నాతో ఏమన్నాడో తెలుసా? 'బాగుగా చేసితివి' అన్నాడు. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి మెచ్చుకున్నాడు, అదీ ఆ భాషలో. నాకెంత కోపమొచ్చిందో నీకేం తెలుసు!"

నాకు తెలుసు. కానీ "నీ ఫుంచి మాడుతోంది చూసుకో" అన్నాను. నిజంగానే మాడుతోంది. మొక్కజొన్న పిండి మాడిన వాసన ఇల్లంతా.

సెప్టెంబరు 11, మంగళవారం

ముసలాయన ఇవాళ చాలాసేపు ఏదో చెప్పాడు. డచ్చిలో. నాకు అర్థం కాలేదు.

సెప్టెంబరు 12, బుధవారం

బండి తీయలేదు. నడుం పట్టేసిందని చెప్పాను.

"ఏ నడుం?" అంది లుసీనా.

సెప్టెంబరు 13, గురువారం

నినోస్కా మా ఇంటికే వచ్చింది. లుసీనా పిండి పిసుకుతోంది, నూనె కాగుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మంగళవారం నేను వంటింట్లో ఉన్నాను బాబాయ్. అంతా విన్నాను."

"ఏం విన్నావో నాకూ చెప్పమ్మాయ్. నాకు డచ్చి రాదు."

"ఇంకోసారి ఆ మాటన్నావంటే ఈ నూనె నీ నెత్తిన పోస్తాను."

లుసీనా పొయ్యికి అడ్డం నిలబడింది. నూనె కోసమో నాకోసమో తెలీదు.

"ఏడుస్తున్నాడాయన" అంది నినోస్కా. "ముక్కు కారుతుంటే ఎడం చేత్తో తుడుచుకుంటూ, ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చి నీ ముందు పెట్టాడు. నువ్వు 'ఆఁ?' అన్నావు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. 'ఆఁ?' అన్నావు. నాలుగుసార్లు. కరెంటాఫీసు వాణ్ణి ఆడించావట కదా, ఊళ్లో చెప్పుకుంటున్నారు. అట్లాగే ఆడించావు, మంచంలో ఉన్నవాణ్ణి."

"మన భాషలో చెప్పమన్నాను. తప్పా?"

"ఆయన వల్ల కాదు!"

"నా వల్లా కాలేదు!" అని అరిచాను. ఇంత గట్టిగా అరుస్తానని నాకే తెలీదు. "పదకొండేళ్లు నాకు. చచ్చిపోయిన మనిషి గురించి చెప్పడానికి నాకు మాట లేదు. నన్నెవడైనా వదిలాడా?"

నినోస్కా గుమ్మం వైపు తిరిగింది. గొంతు తగ్గించి, "సరే. అయితే ఇప్పుడు సరిపోయిందా?" అంది. వెళ్లిపోయింది.

లుసీనా పొయ్యి ఆపేసి నా ఎదురుగా కూర్చుంది. మొత్తం చెప్పాను. విని, "పాతికేళ్లు నీ జోకులకి నవ్వాను. ఇదొక్కటి చెప్పలేకపోయావా" అని పిండి గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ చప్పుడు వింటే పిండిని పిసుకుతున్నట్టు లేదు, కొడుతున్నట్టుంది.

రాస్తాను. మంగళవారం ఆయన అన్నది ఇది:

"పాదిరి కాదు, బెర్తో. నేనే. ఆ చేయి నాది. వ్రాయుటకు ధైర్యము చాలలేదు. నీవు చెప్పుము. అందరికిని చెప్పుము."

మొదటిసారే అర్థమైంది. ప్రతి మాటా అర్థమైంది. నాలుగుసార్లు ఎందుకు చెప్పించుకున్నానో నాకు తెలుసు. బాగుంది కాబట్టి.

ఇప్పుడు ఇంకో కోపం పట్టుకుంది. నోరు బాగున్నన్నాళ్లూ సన్మానాలు చేయించుకుని, నోరు పడిపోయాక 'నీవు చెప్పుము' అంటాడా? కొట్టడం ఆయన వంతు, తినడం నా వంతు, ఒప్పుకోవడం కూడా నా వంతేనా? నేను ఎలాగూ చెప్దామనుకున్నదే. కానీ అది నా కసితో చెప్దామనుకున్నాను. ఇప్పుడు ఆయన పనిమీద చెప్పినట్టవుతుంది. ముసలాడు దాన్ని కూడా నా చేతిలోంచి లాగేసుకున్నాడు.

సెప్టెంబరు 15, శనివారం

బడి ఆవరణ నిండా జనం. గోడ మీద పై భాగం రాయడం అయింది, కింద సగం ఇంకా బొగ్గు గీతలే. ముందు వరుసలో పట్నం పెద్దలు, ఇస్త్రీ బట్టలు, విసనకర్రలు. వాళ్లకెదురుగా చక్రాల కుర్చీలో మాస్టారు, వెనక నినోస్కా.

చదవడం మొదలుపెట్టాను. పిల్లలు పెదాలు కదుపుతూ నాతోపాటే వస్తున్నారు. ఆ లైను దగ్గరికొచ్చాను.

"నేను చెయ్యెత్తాను" అన్నాను, మాస్టారి మాటగా.

"పాదిరి!" అని పిల్లలంతా ఒక్కసారే అందించారు. పెద్దవాళ్లు నవ్వారు.

"పాదిరి కాదు. పాదిరి ఆవేళ బళ్లో లేడు. కొట్టింది ఎవరిస్టో మాస్టారు. కొట్టింది నన్ను. అమ్మమ్మ పోయింది నాకు."

తర్వాత వెనకనుంచి ఎవడో, "ఒరేయ్ బెర్తో, ఇవాళొక్కరోజు మానరా నాయనా!" అన్నాడు. ఆవరణంతా నవ్వు. నేను ఇంకోసారి చెప్పాను. ఇంకా నవ్వారు. మూడోసారి చెప్పేసరికి తిట్టడం మొదలుపెట్టారు. హెర్మీనియా టీచరు వచ్చి నా చొక్కా పట్టుకుని లాగింది.

"సిగ్గుందా నీకు? వెళ్లిపోయే మనిషి మీదా నీ కుళ్లు జోకులు?"

ముప్పై ఏళ్లు ఊరిని నవ్వించాను. నేనేం చెప్పినా నవ్వడం నేనే నేర్పాను వాళ్లకి. ఎవర్ని తిట్టను?

అప్పుడు మాస్టారు ఎడం చెయ్యెత్తాడు. కవి నోటికి మన భాష తిరిగొచ్చిందేమోనని కొందరు లేచి నిలబడ్డారు.

"సత్యము" అన్నాడు. "ఇతడు సత్యము పలికెను. చేయి నాది. బాలుడు ఇతడే."

డచ్చిలో. స్పష్టంగా. ఒక్కో మాటా విడిగా, పాఠం చెప్పినట్టు.

ముందు వరుసలో ఒకావిడ చేతిరుమాలు తీసి కళ్లొత్తుకుంది. "పాపం, ఏదేదో మాట్లాడుతున్నారు" అంది. పక్కనున్నాయన తల ఊపి, "అంత కవి, చివరికి ఇలా" అన్నాడు. పాట పాడేవాళ్లకి సైగ చేశారు. డోలు మోగింది.

ఆ వరుసలో డచ్చి రానివాడు ఒక్కడు లేడు. వాళ్ల చదువులు డచ్చి, ఉద్యోగాలు డచ్చి, ఇంట్లో పిల్లల్ని మందలించేది డచ్చిలో. ఒక్కడికీ వినబడలేదు. నాకు వాళ్లందర్నీ ఆ కుర్చీలతో సహా ఎత్తి సముద్రంలో పడెయ్యాలనిపించింది. వాళ్లు చేసింది నేను మంగళవారం చేసిందే.

వెళ్లి ఆయన కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాను. ముప్పై ఐదేళ్ల తర్వాత ఆ భాష నోట్లో పెట్టుకున్నాను, రాయి నమిలినట్టుంది.

"వింటిని మాస్టారూ. మంగళవారమే వింటిని."

నా ఉచ్చారణకి మొహం చిట్లించాడు. ఆ బుర్రలో ఏది చచ్చినా మాస్టారు మాత్రం చావలేదు. తర్వాత ఎడం చెయ్యి నా చెంప మీద పెట్టాడు. కొట్టిన చెంప కాదు, రెండోది. ఆయనకి గుర్తు లేదు. నాకుంటుంది కదా. ఆ చెయ్యి పట్టుకుని ఈ పక్క చెంపకి మార్చాను.

సెప్టెంబరు 16, ఆదివారం

విమానం వెళ్లింది. విమానాశ్రయానికి పోలేదు. ఇంటి కప్పు మీదెక్కి చూశాను. లుసీనా కూడా ఎక్కింది, నిచ్చెనంటే భయం తనకి.

సెప్టెంబరు 19, బుధవారం

గోడ పూర్తయింది. పైనుంచి ఐదో లైనులో, నీలంగా, చెయ్యంత అక్షరాలతో, పాదిరి.

రెండు రోజులు ఆ దారిన బండి తోసుకెళ్లాను. ఇవాళ వల్ల కాలేదు. పొద్దున పదింటికి, పిల్లలు ఆటకి బయటికొచ్చిన వేళ, సున్నం డబ్బా, కుంచె, మా పెరట్లో స్టూలు పట్టుకెళ్లాను. అందరూ చూస్తుండగా ఎక్కి ఆ ఒక్క మాట మీద సున్నం కొట్టాను. నీలం కింద నుంచి కనబడుతుంటే ఇంకో పూత వేశాను.

హెర్మీనియా టీచరు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"దిగు! దిగకపోతే పోలీసుల్ని పిలుస్తాను! ఆయన రాసింది చెరపడానికి ఎవడివి నువ్వు?"

"మీ బడి పిల్లాణ్ణే టీచర్. నాలుగో తరగతి. 1949."

"తాగొచ్చావా?"

"పాత రిజిస్టర్లు పారేసి ఉండరుగా. తీసి చూడండి. నా పేరు ఉంటుంది, ఏ రోజునుంచి రాలేదో ఉంటుంది. పేజీ పైన క్లాసు మాస్టారి పేరు ఉంటుంది. డచ్చిలోనే ఉంటుంది. మీకొచ్చుగా."

టీచరు నా మొహంలో నవ్వు కోసం వెతికింది. ఆవిడకి నేను తెలుసు, ఏ వేళాకోళమైనా చివర్లో నా పెదవి ఒక పక్కకి లాగుతుంది. ఈసారి లాగలేదు. తర్వాత లోపలికెళ్లింది.

నేను దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేను, మోకాళ్లు అలా ఉన్నాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. పిల్లలు కింద గుమిగూడి చూస్తున్నారు. ఆట గంట అయిపోయినా ఎవరూ వాళ్లని లోపలికి పిలవలేదు.

హెర్మీనియా టీచరు తిరిగొచ్చింది. కళ్లద్దాలు నెత్తి మీదున్నాయి, చేతులకి పాత రిజిస్టర్ల దుమ్ము. ఒక చేతిలో నీలం రంగు డబ్బా ఉంది. డబ్బా పైకి అందించి, వంగి, ఊగుతున్న నా స్టూలు కాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.